ఒక్క బిళ్ళ, పెక్కు కొలతలు

ఫ్లాపీ బిళ్ళ ఎంత సమాచారమును పట్టునను ప్రశ్న పైచూపునకు మిక్కిలి సులభమైనది. పెట్టెమీద అచ్చువేసిన అంకెను చదివి చెప్పిన చాలుననిపించును. కాని 1983 ప్రాంతమున ఒకే కర్మాగారమునుండి వచ్చిన ఒకే పెట్టెలోని ఐదుంబావు అంగుళముల బిళ్ళలను నాలుగింటిని తీసికొని, ఒకదానిని ఆపిల్ టూలోను, ఒకదానిని కమొడోర్ వారి డ్రైవులోను, ఒకదానిని ఐబీఎం పీసీలోను, ఇంకొకదానిని బీబీసీ మైక్రోలోను ఉంచి ఫార్మాట్ చేసినచో, మొదటిది 140 కిలోబైట్లనియు, రెండవది ఇంచుమించు 170 అనియు, మూడవది 360 అనియు, నాలుగవది 100 అనియు చెప్పును. బిళ్ళ మారలేదు, దానిమీది ఇనుప ఆక్సైడు పూత మారలేదు, మారినదల్లా దానిని త్రిప్పు మోటారు, దానిపై వ్రాయు హెడ్, ఆ హెడ్డును నడుపు కంట్రోలర్, వీని వెనుకనుండి లెక్కలు వ్రాసికొను ఆపరేటింగ్ సిస్టమ్. ఈ నాలుగింటి నడుమ కుదిరిన ఒడంబడికనే మనము ఫార్మాట్ అనుచున్నాము. పెట్టెమీది అంకె ఆ ఒడంబడికయొక్క ఫలితమే. ఏ ఒడంబడిక ఎంత పట్టించెనో, అంత పట్టించుటకై దేనిని వదులుకొనెనో, తుదకు వానిలో ఏది నిలిచెనో విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1971లో ఐబీఎం సంస్థవారు కాలిఫోర్నియాలోని శాన్ హోసేయందు రూపొందించి వెలువరించిన ఎనిమిది అంగుళముల తొలి బిళ్ళకు నిర్దేశింపబడిన పని మిక్కిలి స్వల్పము. సిస్టమ్ 370 వంటి పెద్ద యంత్రములు మేల్కొనునపుడు వానికి కావలసిన మైక్రోకోడును అందించుటకును, దేశదేశములలోనున్న ఖాతాదారులకు మార్పులను తపాలాలో చౌకగా పంపుటకును అది ఉద్దేశింపబడెను. దాని డ్రైవు చదువుటయే గాని వ్రాయుట ఎరుగదు. పట్టునది సుమారు 80 కిలోబైట్లు. పలుచని పాలియెస్టర్ బిళ్ళ, దానిపై అయస్కాంతపు పూత, పైన చతురస్రాకారపు తొడుగు, ఆ తొడుగు లోపల తిరుగుచున్న బిళ్ళను ఎడతెగక తుడుచు మెత్తని వస్త్రపు అస్తరు: ఇంతియే దాని నిర్మాణము. ధూళి బారినుండి బిళ్ళను కాపాడిన ఆ వస్త్రపు అస్తరే లేకున్నచో ఫ్లాపీ చరిత్ర మొదటి సంవత్సరముననే ముగిసియుండెడిదని నా అభిప్రాయము.

ఆ బిళ్ళ వ్రాతకు పనికివచ్చి లోకమునకు పరిచితమైనది 1973లో, 3740 అను దత్తాంశ నమోదు యంత్రముతో. అంతవరకును బ్యాంకులును బీమా సంస్థలును తమ లెక్కలను రంధ్రపు కార్డులమీద పొడిపించి యంత్రములకు అందించుచుండెడివి. ఆ కార్డులను తొలగించుటయే 3740 లక్ష్యము. ఆ కారణముననే దాని కొలతలన్నియు కార్డును దృష్టియందుంచుకొని చేసినవి. బిళ్ళపై ట్రాకులు అను వలయములు 77, ట్రాకునకు సెక్టార్లు అను ఖండములు 26, సెక్టారునకు 128 బైట్లు. అనగా 80 గళ్ళ కార్డొకటి ఒక సెక్టారులో సుఖముగా ఇమిడి కొంత ఖాళీ మిగులును. డెబ్బదియేడు ట్రాకులలో సూచికకును, చెడిన ట్రాకులకు బదులుగాను నాలుగింటిని ప్రక్కకు తీసి, దత్తాంశమునకు 73ను మాత్రమే విడిచిరి. కావున ఒక బిళ్ళ 1,898 పద్దులను, అనగా రమారమి రెండువేల కార్డుల దొంతరను, ఒక కాగితపు కవరంత మందములో మోయగలిగెను. బిళ్ళ నిజశక్తి 400 కిలోబైట్ల ప్రాంతమున ఉండగా వాడుకకు వచ్చినది 240 మాత్రమే. మిగిలిన భాగమును వ్యర్థమనుకొనుట తొందరపాటు. అది ఏమైనదో తెలిసికొన్నవారికే తరువాతి ఫార్మాట్లన్నియు అర్థమగును.

బిళ్ళ తిరుగుచుండగా ఏ సెక్టారు ఎక్కడ మొదలగునో హెడ్డునకు తెలియవలెను గదా. దీనికి రెండు మార్గములు. బిళ్ళలోనే సెక్టారునకొక రంధ్రము చొప్పున పొడిచి, దీపపు వెలుగు ఆ రంధ్రముగుండా పోవుటను లెక్కించుట మొదటి మార్గము. ఇది గట్టి సెక్టార్ల పద్ధతి. నార్త్ స్టార్ యంత్రములవంటివి పది రంధ్రముల బిళ్ళలను ఈ విధముగా వాడినవి. సూచికారంధ్రము ఒక్కటియే యుంచి, ప్రతి సెక్టారునకును ముందు దాని చిరునామాను అయస్కాంతాక్షరములలోనే వ్రాయుట రెండవది. ఇది మెత్తని సెక్టార్ల పద్ధతి. మొదటి దానిలో స్థలము ఎక్కువ మిగులును, కాని బిళ్ళ ఆ యొక్క యంత్రమునకే అంకితమైపోవును. రెండవ దానిలో చిరునామాలకై స్థలము ఖర్చగును, కాని ఏ ఖాళీ బిళ్ళనైనను ఏ యంత్రమైనను తనకు కావలసినట్లు విభజించుకొనవచ్చును. ఐబీఎం 3740లో రెండవ మార్గమును పట్టెను. లోకమంతయు దాని వెంట నడిచెను.

ఆ ఖర్చు ఎంతయో ఒక ట్రాకును దగ్గరగా పరిశీలించి చూతము. ఐబీఎం పీసీలో వాడిన ఐదుంబావు అంగుళముల బిళ్ళ నిమిషమునకు 300 సారులు తిరుగును. ఒక చుట్టునకు సెకనులో ఐదవ వంతు. కంట్రోలర్ సెకనునకు రెండున్నర లక్షల బిట్లు వ్రాయును. అనగా ఒక ట్రాకులో యాబదివేల బిట్లు, లేదా 6,250 బైట్లు పట్టును. కాని పీసీ ఆపరేటింగ్ సిస్టమైన డాస్ దానినుండి తొమ్మిది సెక్టార్లను, సెక్టారు 512 బైట్ల వంతున, 4,608 బైట్లను మాత్రమే తీసికొనును. తక్కినది ఏమైనది? ప్రతి సెక్టారునకు ముందు హెడ్ లయను అందుకొనుటకై 12 సున్న బైట్లు. పిదప ఇక్కడ చిరునామా కలదని తెలుపు నాలుగు బైట్ల గుర్తు. ట్రాకు, ముఖము, సెక్టారు, పరిమాణము అను నాలుగు అంకెలు. వానిని సరిచూచు రెండు బైట్ల తనిఖీ సంఖ్య. చిరునామాను చదివి వ్రాయుటకు సిద్ధపడు వ్యవధికై 22 బైట్ల విరామము. మరల 12 సున్నలు. మరల నాలుగు బైట్ల గుర్తు. ఆపైన 512 బైట్ల అసలు సరకు. దానికొక రెండు బైట్ల తనిఖీ సంఖ్య. ఈ రీతిగా 512 బైట్ల రాజుగారికి 62 బైట్ల పరివారము. దాని తరువాత, ఫార్మాట్ చేయునపుడు, ఇంకొక ఎనుబది బైట్ల ఖాళీ జాగా. ఈ చివరి జాగాయే విమర్శకుల కండ్లకు దుబారాగా కనబడినది. కాని మోటార్లన్నియు ఒకే వేగమున తిరుగవు. ఒక యంత్రమున వ్రాసిన సెక్టారును కొంచెము వేగముగా తిరుగు ఇంకొక యంత్రమున తిరిగి వ్రాసినచో, అది సాగి పక్క సెక్టారు చిరునామాను చెరిపివేయును. ఆ ప్రమాదమునకు ముందుగా చెల్లించిన రుసుమే ఆ ఖాళీ.

బిట్లను అయస్కాంత చిహ్నములుగా మార్చు విధానము ఇంకొక సంగతి. తొలి పద్ధతిలో ప్రతి బిట్టునకును ముందొక తాళపు చిహ్నము వ్రాయబడెడిది. అది సులభమైనదే గాని సగము స్థలమును తాళమే మ్రింగుచుండెను. 1970ల ఉత్తరార్ధమున ప్రచారమునకు వచ్చిన సవరించిన పద్ధతిలో వరుసగా రెండు సున్నలు వచ్చిన చోట మాత్రమే తాళపు చిహ్నము నుంచి, తక్కిన చోట్ల దత్తాంశమే తాళము కాగలదను యుక్తితో దానిని విడిచిరి. బిళ్ళ మారకయే ధారణశక్తి రెండింతలైనది. పెట్టెలమీద డబుల్ డెన్సిటీ అని గర్వముగా అచ్చువేసినది ఈ యుక్తినే. అయితే బీబీసీ మైక్రోవంటి కొన్ని యంత్రములు మొదట పాత పద్ధతినే వాడినందున వానికి నలుబది ట్రాకుల బిళ్ళపై ఒక ముఖమునకు 100 కిలోబైట్లే దక్కెను. భారతదేశమున 1984లో పాఠశాలలకై ఆరంభింపబడిన క్లాస్ పథకము ఈ బీబీసీ మైక్రోలతోనే నడిచెను గనుక, మన దేశపు బాలురు పెక్కుమంది తొలిసారిగా చూచిన కంప్యూటరు కుటుంబము ఇదియే. దాని డిస్కు వ్యవస్థలో ఒక ముఖముపై 31 ఫైళ్ళకు మించి ఉండరాదు. ఫైలు పేరు ఏడు అక్షరములు దాటరాదు. ఖాళీ యెంతయున్నను ముప్పదిరెండవ ఫైలునకు చోటు లేదు. ధారణశక్తికి బైట్లే కాక జాబితాయు హద్దగుట ఇచట తేటపడును.

1976లో షుగార్ట్ అసోసియేట్స్ సంస్థ ఎనిమిది అంగుళముల బిళ్ళను ఐదుంబావునకు కుదించి ఎస్ఏ400 అను డ్రైవును విడుదల చేసెను. ఎనిమిది అంగుళముల డ్రైవు బల్లమీది చిన్న యంత్రములకు మరీ పెద్దదని వాంగ్ ప్రయోగశాలలవారు మొరపెట్టుటయే దీనికి మూలము. ట్రాకులు 35, ఫార్మాట్ చేయక ముందటి శక్తి 110 కిలోబైట్ల లోపు. ఇంత చిన్న అంకెతో మొదలైన ఈ డ్రైవు గృహ కంప్యూటర్ల కాలమున ప్రతిభావంతులకు ప్రయోగక్షేత్రమైనది.

వారిలో అగ్రగణ్యుడు స్టీవ్ వోజ్నియాక్. 1978లో వెలువడిన ఆపిల్ డిస్క్ టూ డ్రైవునుండి అతడు ఖరీదైన ఎలక్ట్రానిక్ భాగములను పెక్కింటిని తీసివేసి, వాని పనిని కంప్యూటరులోని ప్రోగ్రామునకే అప్పగించెను. సూచికారంధ్రమును చదువు దీపము లేదు. సున్నవ ట్రాకును గుర్తించు స్పర్శయంత్రమును లేదు. హెడ్డును వెనుకకు కొట్టి కొట్టి గోడకు తగిలించుటయే దానిని సున్నవ ట్రాకునకు చేర్చు ఉపాయము. ఆపిల్ టూను ఎన్నడైనను మేల్కొల్పినవారికి ఆ గరగర శబ్దము పరిచితమే. హార్డ్‌వేర్ అల్పమగుటచే బిళ్ళపై వ్రాయదగిన బిట్ల వరుసలకు కట్టడి ఏర్పడెను: వరుసగా రెండు సున్నలు రారాదు. ఈ నియమమునకు లోబడు సంకేతములు కొద్దిగనే యుండుటచే ఒక్కొక్క సంకేతము ఐదు బిట్లనే మోయగలిగెను. 256 బైట్ల సెక్టారును వ్రాయుటకు 410 సంకేతములు కావలసివచ్చెను. ట్రాకులో 13 సెక్టార్లే పట్టినవి. పిమ్మట ఒక జంట సున్నలు వచ్చినను చదువవచ్చునని తేలగా, సంకేతములు అరువదినాలుగునకు పెరిగి, ఒక్కొక్కటి ఆరు బిట్లను మోయసాగెను. 410 కాస్త 342 అయినది. 13 సెక్టార్లు 16 అయినవి. 1980లో ఆపిల్ వారి డాస్ 3.3 పేరిట వచ్చిన ఈ మార్పునకై డ్రైవును మార్చనక్కరలేదు, కంట్రోలర్ కార్డుమీది రెండు చిన్న చిప్పులను మార్చిన చాలును. దాదాపు 114 కిలోబైట్ల బిళ్ళ 140 కిలోబైట్ల బిళ్ళగా మారెను. ఫార్మాట్ల చరిత్రలో ఇంత చౌకగా ఇంత లాభము కలిగిన సందర్భము ఇంకొకటి లేదనుట సాహసము కాజాలదు.

సూచికారంధ్రముతో నిమిత్తము లేకపోవుట వలన ఇంకొక అనూహ్య లాభమును కలిగెను. ఒక ముఖముననే వ్రాయు డ్రైవులకై అమ్మిన బిళ్ళ తొడుగునకు ఎదురు అంచున వ్రాతానుమతి గంటు నొకదానిని కత్తిరించి, బిళ్ళను బోర్లించి పెట్టినచో, రెండవ ముఖమును పనికివచ్చును. కాగితములకు చిల్లు పొడుచు పంచ్‌తో ఈ పని చేసినవారెందరో. కొలత తప్పకుండుటకై ఇందులకొరకే ప్రత్యేకమైన పంచ్‌లను గూడ అమ్మిరి. తయారీదారులు పరీక్షింపని ముఖముపై వ్రాయుట ప్రమాదకరమని పెట్టెలు హెచ్చరించుచుండగనే లోకము ఇనుమడించిన శక్తిని అనుభవించుచుండెను.

కమొడోర్ వారు వేరొక చిక్కును పట్టుకొనిరి. బిళ్ళ ఒకే వేగమున తిరుగుచుండగా వెలుపలి ట్రాకు చుట్టుకొలత ఎక్కువ, లోపలి దానిది తక్కువ. అయినను అన్ని ట్రాకులలోను సమానముగా వ్రాసినచో, లోపలి ట్రాకు ఓర్పునే ప్రమాణముగా గొని వెలుపలి ట్రాకును ఖాళీగా పోనిచ్చుటయే యగును. 1982లో వచ్చిన 1541 డ్రైవులో మొదటి 17 ట్రాకులకు 21 సెక్టార్లు, తరువాతి ఏడింటికి 19, ఆపై ఆరింటికి 18, చివరి ఐదింటికి 17 చొప్పున పంచిరి. మొత్తము 683 సెక్టార్లు; సూచికకై నడుమనున్న పదునెనిమిదవ ట్రాకును తీసివేయగా వాడుకరికి 664. సూచికను నడుమ నుంచుటయు తెలివైన పనియే, ఏలయన హెడ్ ఏ కొసనున్నను దానికి సగము దూరమే. ఇంతటి వివేకము చూపిన డ్రైవు కంప్యూటరుతో మాటలాడు వేగము మాత్రము హాస్యాస్పదము: సెకనునకు కొన్ని వందల బైట్లు. ధారణశక్తిని అంత పొదుపుగా సంపాదించి దానిని చదువుటకు నిమిషముల కొలది నిరీక్షింపజేయుట ఆ కాలపు విచిత్రములలో ఒకటి.

వీరి పక్కన ఐబీఎం పీసీ ఫార్మాట్ ఎంతయు నీరసముగా కనబడును. 1981లో అది నలుబది ట్రాకులు, ఎనిమిది సెక్టార్లు, ఒక ముఖము అను లెక్కతో 160 కిలోబైట్లతో బయలుదేరెను. 6,250 బైట్లు పట్టు ట్రాకులో 4,096 మాత్రమే వాడుకొనుట కమొడోర్ అభిమానులకు అవివేకముగా తోచియుండును. 1982లో రెండవ ముఖము చేరి 320. 1983లో పీసీ డాస్ 2.0తో తొమ్మిదవ సెక్టారు చేరి 360. ఈ 360లోను బూట్ సెక్టారునకు ఒకటి, ఫైళ్ళ కేటాయింపు పట్టికయొక్క రెండు ప్రతులకు నాలుగు, 112 పేర్ల మూల జాబితాకు ఏడు, వెరసి పండ్రెండు సెక్టార్లు పోగా, వాడుకరికి మిగులునది 3,62,496 బైట్లు. డాస్ తెరమీద చూపు అంకె ఇదియే. ఈ ఫార్మాట్ సాధించిన ఘనత వేరు. నిప్పాన్ ఎలక్ట్రిక్ వారి 765 వంటి బజారులో దొరకు కంట్రోలర్ చిప్పుతో ఎవరైనను దీనిని చదువవచ్చును, వ్రాయవచ్చును. యుక్తి లేకపోవుటయే దానికి యోగ్యతాపత్రమైనది. తైవాన్‌లో కూర్చిన యంత్రమున వ్రాసిన బిళ్ళను అమెరికాలో కూర్చిన యంత్రము తడబాటు లేక చదివెను. లాహోర్‌లో 1986లో పుట్టిన బ్రెయిన్ అను వైరస్ ఖండాంతరములకు ప్రాకుటకు సాయపడినదియు ఈ సార్వజనీనతయే. అది బూట్ సెక్టారును ఆక్రమించి, తన శేషభాగమును చెడిన స్థలముగా గుర్తువేసి దాచిన మూడు కిలోబైట్లలో ఉంచెను. ఉమ్మడి ఒడంబడికకు ఉమ్మడి రోగములు తప్పవు.

అట్టి ఐబీఎం వారే 1984లో పీసీ ఏటీతో వాడుకరులకు ఒక పెద్ద తలనొప్పిని తెచ్చిపెట్టిరి. 1.2 మెగాబైట్ల ఆ క్రొత్త డ్రైవు ఎనుబది ట్రాకులను, పదునైదు సెక్టార్లను, నిమిషమునకు 360 పరిభ్రమణములను ఆశ్రయించెను. అది పాత 360 కిలోబైట్ల బిళ్ళలనును చదువగలదు, వ్రాయగలదు అని ప్రకటించిరి. చదువుట నిజము, వ్రాయుట సగము నిజము. పాత డ్రైవు హెడ్ గీచు గీత మిల్లీమీటరులో మూడవ వంతు వెడల్పు. క్రొత్త హెడ్ గీత అందులో సగము. పాత బిళ్ళపై మునుపున్న వెడల్పాటి గీత నడుమ క్రొత్త హెడ్ సన్నని గీతను వ్రాయును. దానికిరువైపుల పాత గీత అంచులు చెరగక మిగులును. ఆ బిళ్ళను మరల పాత డ్రైవులో పెట్టినపుడు దాని వెడల్పైన హెడ్ క్రొత్త గీతను, పాత అంచులను ఏకకాలమున విని, రెంటిని కలగలిపి గందరగోళపడును. ఆఫీసులో ఏటీ యంత్రమున జాగ్రత్తగా వ్రాసిన ఫైలు ఇంటివద్ద పాత యంత్రమున తెరువక, డ్రైవు పాడైనదని మెకానిక్కును పిలిచినవారి సంఖ్య అల్పము కాదు. పూత విషయమునను ఇట్టి చిక్కే: పాత బిళ్ళ పూతను అయస్కాంతీకరించుటకు 300 ఓర్‌స్టెడ్ల ప్రాంతము చాలగా, 1.2 మెగాబైట్ల బిళ్ళకు దానికి రెట్టింపు కావలెను. రెండు బిళ్ళలును చూపునకు ఒక్కతీరు; గుర్తింపు గంటు లేదు, రంధ్రము లేదు. ఒకదానిని రెండవదిగా ఫార్మాట్ చేసి దత్తాంశమును కోల్పోవుట నిత్యకృత్యమైనది. కొలతను పెంచి గుర్తును పెట్టకపోవుటను మించిన నిర్లక్ష్యము ఈ చరిత్రలో నాకు కనబడదు.

1980ల ఆరంభమున చిన్న బిళ్ళల పోటీ మొదలయ్యెను. మూడంగుళముల బిళ్ళ ఆమ్‌స్ట్రాడ్ యంత్రములలో కొంతకాలము మెలగెను. మూడుంబావు అంగుళములది అంకురించి అడగెను. ఐబీఎం వారి నాలుగంగుళములదియు నిలువలేదు. గెలిచినది సోనీవారి మూడున్నర అంగుళముల బిళ్ళ: గట్టి ప్లాస్టిక్ తొడుగు, తనంత మూసికొను లోహపు తలుపు, జేబులో ఇముడు పరిమాణము. హ్యూలెట్ ప్యాకార్డ్ దానిని స్వీకరించెను. 1984లో ఆపిల్ మాకింటాష్ దానికి ప్రతిష్ఠ తెచ్చెను. మాకింటాష్ కమొడోర్ వలె లోపలి, వెలుపలి ట్రాకుల భేదమును పాటించెను గాని మార్గము వేరు: హెడ్ వెలుపలికి పోవుకొలది మోటారు వేగమును తగ్గించుచు, ఎనుబది ట్రాకులను పదునారేసి చొప్పున ఐదు మండలములు చేసి, పండ్రెండునుండి ఎనిమిది వరకు సెక్టార్లు పంచెను. ఒక ముఖమున 400 కిలోబైట్లు. ఫైలు తెరచునపుడు మోటారు స్వరము హెచ్చుతగ్గులగుట ఆ యంత్రపు వాడుకరులు చెవితో గుర్తుపట్టుచుండిరి.

1985లో వచ్చిన అమీగాది ఇంకొక ధైర్యము. సెక్టార్ల నడుమ జాగాలు వేరువేరు కాలములందు వేరువేరు సెక్టార్లను తిరిగి వ్రాయుటకే గదా. ట్రాకు మొత్తమును ఒకేసారి వ్రాసినచో ఆ జాగాలతో పనియేమి? అమీగా ఆ జాగాలను తీసివేసి, పదునొకండు సెక్టార్లను ఒకదానికొకటి ఆనించి వ్రాసి, పీసీ 720 కిలోబైట్లు పట్టించిన బిళ్ళపైననే 880 పట్టించెను. దీనికి మూల్యము కలదు: ఒక్క సెక్టారు మార్పవలెనన్నను ట్రాకునంతటిని చదివి, మార్చి, మరల వ్రాయవలెను. అమీగా బిళ్ళను సాధారణ పీసీ కంట్రోలర్ చదువజాలదు. మాకింటాష్ తొలి బిళ్ళల గతియు అదియే.

1987లో ఐబీఎం పీఎస్ టూ యంత్రములతో 1.44 మెగాబైట్ల బిళ్ళ వ్యాప్తికి వచ్చి, ఇరువది ఏండ్లకు పైగా ఏలెను. ఎనుబది ట్రాకులు, రెండు ముఖములు, పదునెనిమిది సెక్టార్లు: 14,74,560 బైట్లు. ఈ 1.44 అను అంకె ఎట్లు వచ్చినదో చూచినవారు నవ్వక మానరు. మెగాబైట్ అనగా పది లక్షల బైట్లనుకొన్నచో ఇది 1.47, 1024ను 1024తో గుణించి చూచినచో 1.41. రెండింటికిని చెందని 1.44, వేయిని 1024తో గుణించిన సంకర మెగాబైట్టునుండి పుట్టినది. పెట్టెలపై కొందరు రెండు మెగాబైట్లని అచ్చువేసిరి. అది ఫార్మాట్ చేయకముందటి కొలత, చుట్టునకు 12,500 బైట్ల లెక్కన సరియైనదే. వాడుకరికి నిజముగా చేతికందునది 14,57,664. ఒక్క వస్తువునకు ఐదు కొలతలు. ఐదును ఏదో ఒక లెక్కలో సత్యమే.

ఏటీ నాటి పొరపాటును ఈసారి చేయలేదు: 1.44 బిళ్ళకు తొడుగుమీద ప్రత్యేక రంధ్రమొకటి పెట్టి 720 బిళ్ళనుండి వేరుపరచిరి. లోకులు ఊరకుండిరా? చౌకైన 720 బిళ్ళకు తామే రంధ్రము తొలిచి 1.44గా వాడసాగిరి. ఐదుంబావు బిళ్ళలలో పూతల భేదము రెట్టింపు కాగా, మూడున్నర బిళ్ళలలో అది స్వల్పమగుటచే ఈ దొంగరంధ్రము తరచు పనిచేసెను. కొన్ని నెలల పిదప చదువబోవునపుడు మాత్రమే ఆ పొదుపు ఫలము తెలిసెడిది.

హద్దును సాగదీయు ప్రయత్నములును సాగెను. ట్రాకులను 82కు, సెక్టార్లను 21కి పెంచి 1.72 మెగాబైట్లు పట్టించు ప్రోగ్రాములు వచ్చెను. మైక్రోసాఫ్ట్ తానే 21 సెక్టార్ల ఫార్మాట్ నొకదానిని ప్రవేశపెట్టి విండోస్ 95ను పదుమూడు బిళ్ళలలో ఇమిడ్చెను. సాధారణమైన డిస్క్‌కాపీ ఆదేశముతో నకలు తీయరాకుండుట దాని ఉపలాభము. తోషిబా సాయముతో బేరియం ఫెర్రైట్ పూత పూసిన 2.88 మెగాబైట్ల బిళ్ళ నెక్స్ట్ యంత్రములలోను, కొన్ని పీఎస్ టూలలోను కనబడి, ధర భారముచే తెరమరుగైనది.

తెలుగునాట ఫ్లాపీ ముఖ్యముగా వర్ధిల్లినది డీటీపీ సెంటర్లలో. పేజ్‌మేకర్‌లో కూర్చిన శుభలేఖయో, కరపత్రమో, చిన్న పుస్తకమో బిళ్ళకెక్కి ప్రెస్సునకు పోవలెను. యూనికోడ్ ఇంకను వాడుకలోనికి రాని ఆ దినములలో ఫైలుతోబాటు ఆ తెలుగు ఫాంటును గూడ పంపనిదే అవతలివారి తెరపై అక్షరములు పిచ్చిగీతలగుట నిశ్చయము. ముఖచిత్రము చేరిన ఫైలు 1.44ను దాటినపుడు పీకేజిప్‌తోనో, ఏఆర్‌జేతోనో ముక్కలు చేసి నాలుగైదు బిళ్ళలమీద ఎక్కించి, నాలుగవ బిళ్ళ చదువబడక కుర్రవానిని మరల సైకిలుపై తరిమిన సంగతి ఆ వృత్తిలో ఉన్నవారికెల్ల విదితమే. కోస్తా ఉక్కపోతకు బిళ్ళపై బూజు పట్టి, ఆ బూజు హెడ్డునకంటి, ఆ హెడ్ తరువాతి బిళ్ళను గీరుటయు కద్దు. ప్రభుత్వమునకు ఫ్లాపీ అవసరము ఇంకను ఎక్కువకాలము నిలిచెను: 2003నుండి మూలమున కోత కోసిన ఆదాయపు పన్ను వివరములను కంప్యూటరు ఫైలుగా సమర్పించునపుడు బిళ్ళతోబాటు ఫారం 27ఏ అను కాగితమును సంతకము చేసి జతపరచవలసియుండెను. బిళ్ళపై సంతకము సాధ్యము కాదు గదా.

1998లో ఆపిల్ ఐమాక్ ఫ్లాపీ డ్రైవు లేకయే వచ్చినపుడు పలువురు ఆక్షేపించిరి. తరువాతి దశాబ్దమున ఆక్షేపించినవారి యంత్రములలోను అది లేకపోయెను. సోనీ 2011 మార్చితో జపాన్‌లో అమ్మకమును ముగించెను. అమెరికా అణ్వాయుధ సంబంధమైన సందేశ వ్యవస్థలో ఎనిమిది అంగుళముల బిళ్ళలు 2019 వరకు పనిచేసెను. జపాన్ ప్రభుత్వము ఫ్లాపీలలో దరఖాస్తులు సమర్పింపవలెనను నిబంధనలను 2024లో గాని తొలగింపలేదు.

నేడు ఈ బిళ్ళలను పరిరక్షించు గ్రంథాలయములకును, వ్యక్తులకును ఎదురగు సమస్య ఫార్మాట్ల తారతమ్యమును క్రొత్తగా తూచుచున్నది. పీసీ బిళ్ళను చౌకగా దొరకు యూఎస్‌బీ డ్రైవు సైతము చదువగలదు, అదియు 1.44, 720లను మాత్రమే. మాకింటాష్ 400, అమీగా 880, ఆపిల్ 140, కమొడోర్ 170 దాని ముందు మూగవి. నాడు యుక్తితో అదనముగా పట్టించిన ప్రతి కిలోబైట్టును నేడు చదువుటకు ప్రత్యేక పరికరము కావలసివచ్చుచున్నది. క్రయోఫ్లక్స్, గ్రీస్‌వీజిల్ వంటి సాధనములు ఫార్మాట్ నెరుగవు. అవి బిళ్ళపై అయస్కాంత దిశ మారిన ప్రతి క్షణమును కాలమానముతో నమోదుచేయును, అర్థము చెప్పుట తరువాతి ప్రోగ్రాము పని. 880 కిలోబైట్ల బిళ్ళ ఈ విధముగా నమోదైనపుడు పదుల మెగాబైట్లగును. నకలు నిరోధమునకై కొందరు ఆటల తయారీదారులు కావలెనని బలహీనముగా వ్రాయించిన బిట్లు, చదివిన ప్రతిసారి వేరొక విలువనిచ్చునవి, ఆ నమోదునందును ఒక్కసారి చదివిన చిక్కవు. అందుచే ఒక్కొక్క ట్రాకును పలుమారులు త్రిప్పి, ప్రతి చుట్టును విడిగా దాచుచున్నారు.